కారిబూలు ఈనే నేల, అడుగున ఉందంటున్న చమురు

2021 జనవరి 6. వాషింగ్టన్‌లో క్యాపిటల్ భవనం మీదికి జనం ఎగబడిన రోజు. ప్రపంచమంతా టీవీల్లో అదే చూస్తోంది. సరిగ్గా ఆ రోజే అలాస్కాలో ఒక వేలం జరిగింది. ఆర్కిటిక్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ అనే రక్షిత ప్రాంతంలో చమురు, గ్యాస్ తవ్వుకునే హక్కులకు ప్రభుత్వం పెట్టిన మొట్టమొదటి వేలం అది. ఈ వేలం జరిపించాలని ఒక వర్గం, జరగనివ్వకూడదని ఇంకో వర్గం నలభై ఏళ్లు కొట్లాడాయి. తీరా చూస్తే పెద్ద చమురు కంపెనీ ఒక్కటీ రాలేదు. పాట పాడింది ముగ్గురే. 22 బ్లాకులు పెడితే 11 అమ్ముడయ్యాయి. మొత్తం వచ్చింది కోటీ 44 లక్షల డాలర్లు. అందులో చాలా భాగం పెట్టింది కూడా అలాస్కా రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన సంస్థే.

అంత పోరాటం జరిగిన చోట చివరికి కొనేవాడే లేకపోవడం ఎలా జరిగింది? కొనేవాడు లేనప్పుడు గొడవ అక్కడితో ఆగిపోవాలి కదా, మరి ఎందుకు ఆగలేదు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతకాలంటే చమురు సంగతి కంటే ముందు ఒక చట్టం సంగతి చూడాలి. 1980లో అమెరికా పార్లమెంటు ఒక ప్రశ్నను తేల్చకుండా పక్కన పెట్టింది. ఇప్పటికీ నడుస్తున్నది ఆ వాయిదానే.

సగం వేసిన తాళం

ఈ రెఫ్యూజ్ అలాస్కాకు ఈశాన్య మూలన, కెనడా సరిహద్దును ఆనుకుని ఉంటుంది. విస్తీర్ణం దాదాపు కోటీ 90 లక్షల ఎకరాలు, అంటే సుమారు 77 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో మూడింట రెండు వంతులు అనుకోవచ్చు. అంత నేలలోకి బయటినుంచి రోడ్డు లేదు. మధ్యలో బ్రూక్స్ పర్వతశ్రేణి అడ్డంగా ఉంటుంది. పర్వతాలకు ఉత్తరాన, బోఫర్ట్ సముద్రం దాకా ఒక సన్నటి మైదానం ఉంది. చెట్టన్నది లేని టండ్రా నేల. పైన జానెడో మూరెడో వేసవిలో కరుగుతుంది, దాని కింద వందల అడుగుల లోతు వరకు ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. గొడవంతా ఈ మైదానం గురించే.

ఓలాస్ మ్యూరీ, మార్డీ మ్యూరీ అనే దంపతులు 1956లో షీన్‌జెక్ నది లోయకు వెళ్లి, ఆ ప్రాంతాన్ని ఉన్నది ఉన్నట్టుగా వదిలేయాలని గట్టిగా ప్రచారం చేశారు. 1960 డిసెంబరులో, ఐసన్‌హోవర్ పదవీకాలం ముగియబోతుండగా, 89 లక్షల ఎకరాలను వన్యప్రాణుల కోసం కేటాయించారు. అప్పటికి అక్కడ చమురు ఉందో లేదో ఎవరికీ పెద్దగా పట్టలేదు. 1968లో కథ మారింది. రెఫ్యూజ్‌కు పశ్చిమాన సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, ప్రూడో బే అనే చోట, ఉత్తర అమెరికాలోనే అతి పెద్ద చమురు క్షేత్రం బయటపడింది. అక్కడి నుంచి దక్షిణాన వాల్డీజ్ రేవు వరకు దాదాపు 1,290 కిలోమీటర్ల పైప్‌లైన్ వేసి 1977లో చమురు పారించారు. గడ్డకట్టిన నేల వేడికి కరిగి కుంగిపోకుండా, పైప్‌లైన్‌ను చాలా దూరం స్తంభాల మీద ఎత్తి, నేలలోని వేడిని బయటకు లాగే గొట్టాలను ఆ స్తంభాల్లోనే పెట్టారు. ఇంజనీరింగ్‌గా అది నిజంగా గొప్ప పని.

పక్కనే అంత చమురు దొరికాక, ఈ మైదానం కింద కూడా ఉంటుందన్న ఆశ పుట్టడం సహజం. 1980 డిసెంబరు 2న జిమ్మీ కార్టర్ సంతకం చేసిన అలాస్కా భూముల చట్టం రెఫ్యూజ్‌ను రెట్టింపుకు మించి పెంచింది. దాదాపు 80 లక్షల ఎకరాలకు అమెరికా చట్టంలో ఉన్న అత్యున్నత రక్షణ, అంటే ‘విల్డర్‌నెస్’ హోదా ఇచ్చింది. తీరమైదానంలోని 15 లక్షల ఎకరాలకు మాత్రం ఆ హోదా ఇవ్వలేదు. అక్కడి జంతువులను, చమురు అవకాశాన్ని అధ్యయనం చేయమని 1002 నంబరు సెక్షన్‌లో రాశారు. ఆ పక్క సెక్షన్‌లోనే, పార్లమెంటు మళ్లీ అనుమతిస్తే తప్ప తవ్వకం జరగదని రాశారు. అందుకే ఈ నేలను అలాస్కాలో ఇప్పటికీ ‘టెన్ ఓ టూ’ అనే అంటారు. ఒక చట్టం సెక్షన్ నంబరే ఊరి పేరులా స్థిరపడిపోయింది.

రక్షిత ప్రాంతం అనే మాట వినగానే అక్కడ ఇక ఎవరూ వేలు పెట్టలేరని అనుకుంటాం. ఇక్కడ మాత్రం తలుపుకు తాళం వేసి, తాళంచెవిని పార్లమెంటు బల్ల మీద పెట్టారు. ఆ రోజుల్లో అదే మధ్యేమార్గం. లేకపోతే చట్టమే గట్టెక్కేది కాదేమో. కానీ దాని ఫలితంగా వచ్చిన ప్రతి ప్రభుత్వం ఆ తాళంచెవిని చేతిలోకి తీసుకుంటూనే ఉంది. 1987లో అంతర్గత వ్యవహారాల శాఖ తవ్వకానికి తెరవమని సిఫారసు చేసింది. 1989 మార్చిలో సెనేట్ కమిటీ ఒక బిల్లును ఆమోదించింది కూడా. వారం రోజులు తిరిగేసరికి ఎక్సాన్ వాల్డీజ్ ఓడ రాళ్లకు కొట్టుకుని కోటికి పైగా గ్యాలన్ల ముడి చమురు అలాస్కా సముద్రంలో కలిసింది. నూనెలో మునిగి చచ్చిన పక్షులను చూశాక ఆ బిల్లు ఎత్తడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. 1995లో బడ్జెట్ బిల్లులో కలిపి పంపితే క్లింటన్ వీటో చేశారు. 2005 మార్చిలో సెనేట్ 51–49 ఓట్లతో సై అంది, ఏడాది తిరిగేలోపు అదీ ఆగిపోయింది. చివరికి 2017లో ట్రంప్ పన్నుల చట్టంలో తవ్వకానికి అనుమతిని చేర్చారు. మామూలు బిల్లును అడ్డుకోకుండా ముందుకు తీసుకెళ్లాలంటే సెనేట్‌లో 60 ఓట్లు కావాలి. ఆదాయ, వ్యయాలకు సంబంధించిన ప్రత్యేక పద్ధతిలో అయితే సాధారణ మెజారిటీ చాలు. ఒక వన్యప్రాంతం భవిష్యత్తును పన్నుల చట్టంలో ఎందుకు రాశారో అర్థం కావాలంటే ఈ లెక్క తెలియాలి.

ఎంత ఉందో లెక్క

అక్కడ చమురు ఎంత ఉంది? అందరూ చెప్పే అంకె అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1998లో ఇచ్చినది. వెలికి తీయగలిగినది 570 కోట్ల నుంచి 1,600 కోట్ల బ్యారెళ్ల మధ్య ఉండొచ్చు, సగటున 1,040 కోట్లు. ఇందులో పక్కనున్న స్థానిక తెగల భూములు, తీరం దగ్గరి రాష్ట్ర జలాలు కూడా కలిసి ఉన్నాయి. కేంద్రానికి చెందిన 1002 నేల ఒక్కటే తీసుకుంటే సగటు 770 కోట్లు. అనుకూలంగా మాట్లాడేవాళ్లు తరచు పెద్ద అంకెనే పట్టుకుంటారు, అందులో ఏమేం కలిశాయో చెప్పరు.

పెద్ద అంకెనే తీసుకుందాం. అమెరికా రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్లు వాడుతుంది. 1,040 కోట్లు అంటే 520 రోజుల వాడకం. అయినా అది ఒకేసారి బయటికి రాదు, దశాబ్దాల మీద కొంచెం కొంచెంగా వస్తుంది. పెట్రోలు ధర తగ్గుతుందా అంటే, అమెరికా ఇంధన సమాచార సంస్థ 2008లో వేసిన అంచనా ప్రకారం మధ్యరకం పరిస్థితిలో బ్యారెల్‌కు తగ్గేది 75 సెంట్లు. చమురు ప్రపంచ మార్కెట్ సరుకు. ఒకచోట కొద్దిగా పెరిగితే ఇంకోచోట ఉత్పత్తి దేశాలు కొద్దిగా తగ్గించి ధర నిలబెట్టుకుంటాయి.

పైగా ఆ అంకె దేని మీద నిలబడిందో చూడాలి. 1984, 1985 చలికాలాల్లో నేల మీద చేసిన కంపన సర్వేలు, చుట్టుపక్కల బావుల సమాచారం, ఉపరితల శిలల పరిశీలన. అంతే. ఈ మైదానంలో ఇప్పటివరకు తవ్విన చమురు అన్వేషణ బావి ఒక్కటే. అదీ కాక్టోవిక్ ఊరికి చెందిన భూమిలో 1985, 86 చలికాలాల్లో షెవ్రాన్, బీపీ కంపెనీలు తవ్వినది. దాన్ని కేఐసీ-1 అంటారు. అందులో ఏం కనిపించిందన్నది అమెరికా చమురు పరిశ్రమలో అతి గట్టిగా దాచిన రహస్యాల్లో ఒకటి. 2019లో న్యూయార్క్ టైమ్స్ పాత కోర్టు కేసు ఒకదాన్ని బయటికి తీసి, ఆ బావి నిరాశే మిగిల్చిందని రాసింది. కంపెనీల వైపు నుంచి అధికారికంగా వివరాలు రాలేదు. 2022లో షెవ్రాన్, హిల్‌కార్ప్ కంపెనీలు ఆ పాత లీజుల నుంచి తప్పుకోవడానికి ఎదురు కోటి డాలర్లు కట్టి బయటపడ్డాయి. బావి లోపల ఏముందో తెలిసిన కంపెనీ చేతి సొమ్ము వదులుకుని వెళ్లిపోయిందంటే, దాన్ని ఒక ఆధారంగానే చూడాలి.

మరి కొత్త సర్వే చేసి ఖచ్చితంగా తెలుసుకోవచ్చు కదా? ఇక్కడే అసలు చిక్కు. తెలుసుకోవాలంటే చలికాలంలో నేలను కుదిపే బరువైన బండ్లను మైదానమంతా గళ్లు గీసినట్టు నడపాలి. 1984, 85ల్లో నడిపిన బండ్ల జాడలు కొన్నిచోట్ల పాతికేళ్ల తర్వాత కూడా చెరిగిపోలేదు. అక్కడ పచ్చిక ఏడాదిలో కొన్ని వారాలే పెరుగుతుంది మరి. ఇంకోటి, మంచు గుహల్లో ధ్రువపు ఎలుగుబంట్లు పిల్లల్ని కనేది కూడా ఆ చలికాలంలోనే. దక్షిణ బోఫర్ట్ సముద్రపు ఎలుగుబంట్లు 1980ల్లో దాదాపు 1,800 ఉండేవని, 2010 నాటికి 900కు పడిపోయాయని అంచనా. సముద్రం మీద మంచు పలచబడే కొద్దీ అవి ఈనడానికి నేల మీదికి వస్తున్నాయి. 2018 నుంచి 2021 మధ్య కొత్త సర్వేకు ప్రయత్నాలు జరిగినా ఏదీ ముందుకు సాగలేదు.

జూన్ నెల మొదటి రోజులు

ఈ వివాదంలో అందరి నోటా వినిపించే జంతువు కారిబూ. రెయిన్‌డీర్ అని మనం చిత్రాల్లో చూసేదీ ఇదీ ఒకే జాతి. ఈ ప్రాంతంలో తిరిగేది పోర్క్యుపైన్ మంద. 2017 లెక్కలో 2 లక్షల 18 వేలు. చలికాలం దక్షిణాన, కెనడాలోని యూకాన్ అడవుల్లో గడిపి, వసంతంలో పర్వతాలు, నదులు దాటుకుంటూ ఉత్తరానికి వస్తాయి. ఏడాదిలో ఇవి నడిచే దూరం రెండు వేల కిలోమీటర్లు దాటుతుంది. ముందు చూలు పశువులు బయల్దేరతాయి. మగవి తాపీగా వెనక వస్తాయి.

జూన్ మొదటి రోజుల్లో, చాలా సంవత్సరాలు ఇదే మైదానంలో, వేలాది తల్లులు దాదాపు ఒకేసారి ఈనుతాయి. అంత దూరం వచ్చి ఇక్కడే ఎందుకు? మంచు కరిగిన చోటల్లా తుంగలాంటి దూదిగడ్డి మొగ్గ తొడుగుతుంది. పాలిచ్చే తల్లికి అంత బలమైన మేత ఆ వేళకు ఇంకెక్కడా దొరకదు. తోడేళ్లు, గోధుమరంగు ఎలుగులు, గద్దలు ఎక్కువగా పర్వతాల అంచున ఉంటాయి, మైదానంలో తక్కువ. జూన్ చివరికి దోమలు లేస్తాయి. ఆర్కిటిక్ దోమల సంగతి చదివితే గానీ నమ్మలేం. మేత మానేసి పరుగెత్తేలా చేస్తాయి, రక్తం తాగి పశువును నీరసింపజేస్తాయి. అప్పుడు మందంతా ఈదురుగాలి వీచే సముద్రపు ఒడ్డుకు చేరుతుంది. మేత, శత్రువులు లేని చోటు, గాలి. ఈ మూడూ ఒకచోట దొరికేది ఆ సన్నటి పట్టీలోనే. మంచు ఆలస్యంగా కరిగిన ఏడాది తల్లులు దారిలోనే, కెనడా వైపు ఈనేస్తాయి. అలాంటి ఏళ్లలో బతికే దూడలు తక్కువ. పశువుల ఈతకాలం ఎరిగిన ఏ రైతుకైనా దీని అర్థం వేరే చెప్పక్కర్లేదు.

తవ్వకం కావాలనేవాళ్ల దగ్గర దీనికి ఒక జవాబు ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ప్రూడో బే దగ్గర తిరిగే సెంట్రల్ ఆర్కిటిక్ మంద 1970ల్లో ఐదు వేలు ఉంటే, 2010 నాటికి 70 వేలకు చేరువైంది. బావులు వచ్చినా మంద పెరిగిందిగా అంటారు. అంకెలు నిజమే. అయితే 2016 నాటికి అదే మంద దాదాపు 22 వేలకు పడిపోయింది. పెరగడానికీ తగ్గడానికీ చమురు ఒక్కటే కారణం అనలేం, వాతావరణం, ఆకలి, పక్క మందల్లో కలవడం అన్నీ ఉన్నాయి. గట్టిగా తెలిసింది ఇంకోటి ఉంది. చిన్న దూడలున్న తల్లులు రోడ్లకు, కట్టడాలకు కొన్ని కిలోమీటర్ల దూరం పాటిస్తాయి. ప్రూడో బే దగ్గర మైదానం వంద కిలోమీటర్లకు మించి వెడల్పు, కాబట్టి పక్కకు జరగడానికి చోటుంది. రెఫ్యూజ్‌లో సముద్రానికీ కొండలకూ మధ్య పాతిక నుంచి అరవై అయిదు కిలోమీటర్లే. పైగా మంద దానికి ఎన్నో రెట్లు పెద్దది. అక్కడ పక్కకు జరగడమంటే తోడేళ్ల దగ్గరికి జరగడమే. ప్రూడో బే అనుభవాన్ని ఇక్కడికి అలాగే తెచ్చి అతికించలేం.

2017 చట్టం కట్టడాలకు 2,000 ఎకరాల పరిమితి పెట్టింది. 15 లక్షల ఎకరాల్లో రెండు వేలే కదా, ఏమంత నష్టం అని టీవీ చర్చల్లో అడుగుతుంటారు. ఆ కొలత ఎలా కొలుస్తారో చూడండి. పైప్‌లైన్ విషయంలో లెక్కకొచ్చేది గొట్టం నిలబడిన స్తంభాల కింది నేలే. చలికాలంలో వేసే మంచు రోడ్లు లెక్కలోకి రావు. రెండు వేల ఎకరాలు ఒకేచోట ఉండాలన్న నియమమూ లేదు. పెళ్లి పందిరి గుంజలు పాతిన గుంతలను మాత్రమే కొలిచి పందిరి ఇంతే అన్నట్టుంది. బావుల స్థలాలు అక్కడక్కడా ఉండి, వాటిని గొట్టాలు కలుపుతూ పోతే మైదానంలో చాలా భాగం ఆ అల్లిక మధ్యలోనే చిక్కుతుంది. మంచు రోడ్లకు నీళ్లు కూడా కావాలి. ప్రూడో బే వైపు వేలాది చెరువులున్నాయి. ఈ మైదానంలో అవి తక్కువ, ఉన్నవాటిలో చాలావరకు చలికాలంలో అడుగుదాకా గడ్డకడతాయి.

రెండు ఊళ్లు

ఈ వివాదం గురించి వచ్చే రాతల్లో ఎక్కువగా మోసపోయేది మనుషుల సంగతి దగ్గరే. స్థానిక తెగలంతా తవ్వకానికి వ్యతిరేకమని ఒకళ్లు, అనుకూలమని ఇంకొకళ్లు రాసేస్తారు. రెండూ సగమే నిజం.

పర్వతాలకు దక్షిణాన గ్విచిన్ జనం ఉన్నారు. అలాస్కాలో, కెనడాలో కలిపి పదిహేను దాకా ఊళ్లు, సుమారు తొమ్మిది వేల మంది. వాళ్ల తిండి, బట్ట, పాట, కథ అన్నీ కారిబూతోనే. మంద ఈనే మైదానాన్ని వాళ్లు ‘ప్రాణం మొదలయ్యే పవిత్ర స్థలం’ అంటారు. కరువు రోజుల్లో కూడా అక్కడికి వేటకు వెళ్లరు. 1988లో ఆర్కిటిక్ విలేజ్‌లో రెండు దేశాల గ్విచిన్లు సమావేశమయ్యారు. వందేళ్లకు పైగా అంతమంది ఒకచోట చేరింది లేదు. ఈనే నేలను కాపాడాలని అక్కడ ఏకగ్రీవంగా తీర్మానించి, ఆ పని కోసం ఒక కమిటీ వేసుకున్నారు. అప్పటి నుంచి వాషింగ్టన్ మెట్లు ఎక్కుతూనే ఉన్నారు. కెనడా కూడా తన వైపు ఈనే నేలను 1984లోనే నేషనల్ పార్కు చేసింది. 1987లో మంద రక్షణకు రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి.

ఉత్తరాన, మైదానం అంచున ఒక దీవి మీద కాక్టోవిక్ ఉంది. దాదాపు 250 మంది ఇన్యుపియాట్ జనం. వీళ్లది ప్రధానంగా సముద్రపు బతుకు, బోహెడ్ తిమింగలం వేట. రెఫ్యూజ్ లోపల ఉన్న ఒకే ఒక్క ఊరు ఇది. ఈ ఊళ్లో తవ్వకాన్ని సమర్థించేవాళ్లు చాలామంది, వ్యతిరేకించేవాళ్లూ ఉన్నారు. సమర్థించేవాళ్లను చమురు కంపెనీల మనుషులని కొట్టిపారేయడం అన్యాయం. 1947లో సైన్యం విమానాల రన్‌వే కోసం ఈ ఊరిని లేపేసింది. ఆ తర్వాత 1953లో, 1964లో మళ్లీ జరిపింది. 1960లో చుట్టూ ఉన్న నేలంతా రెఫ్యూజ్ అని ప్రకటించేటప్పుడు కూడా వాళ్లను అడిగింది లేదు. స్థానిక తెగల భూహక్కులను తేల్చిన 1971 చట్టం కింద ఊరి కార్పొరేషన్‌కు 92 వేల ఎకరాలు వచ్చాయి. సొంత నేలే అయినా, 2017లో పార్లమెంటు ఒప్పుకునేదాకా అందులో చమురు తీసే వీల్లేకపోయింది. మరోపక్క ఊరికి బడి, క్లినిక్, కుళాయి నీళ్లు, మరుగుదొడ్లు వచ్చింది ప్రూడో బే కట్టడాల మీద నార్త్ స్లోప్ అనే ఈ ఉత్తర ప్రాంతపు స్థానిక ప్రభుత్వం వసూలు చేసే ఆస్తి పన్నుతోనే. అంతకుముందు మరుగుదొడ్డి అంటే బకెట్టే. ఆ బకెట్టు మోసిన తరం ఇంకా బతికే ఉంది. వాళ్లకు చమురంటే దూరదేశపు రాజకీయం కాదు.

గమనించాల్సిన విషయం ఒకటుంది. సముద్రంలో తవ్వుతామన్నప్పుడు తిమింగలాలు బెదిరిపోతాయని ఇదే కాక్టోవిక్ ఎదురు నిలిచింది. గ్విచిన్లు కారిబూ కోసం నిలబడ్డట్టే వీళ్లు తిమింగలం కోసం నిలబడ్డారు. ఎవరి కంచం ఎక్కడుందో అక్కడ వాళ్ల కాపలా ఉంది. ఈ ఇద్దరినీ ఒకరికొకరు శత్రువులుగా చూపించి లాభపడేది వాళ్లిద్దరిలో ఎవరూ కాదు.

ఎవరూ పాడని పాట

డబ్బు లెక్కలోకి వస్తే, అలాస్కాకు చమురంటే ప్రాణం. రాష్ట్రంలో వ్యక్తుల మీద ఆదాయపు పన్ను 1980 నుంచి లేదు. చమురు రాబడిలో కొంత దాచడానికి 1976లో శాశ్వత నిధి పెట్టారు, 1982 నుంచి ఏటా దాని లాభంలో ప్రతి పౌరుడికీ వాటా ఇస్తున్నారు. 2022లో మనిషికి 3,284 డాలర్లు. అయితే పైప్‌లైన్‌లో 1988లో రోజుకు 20 లక్షల బ్యారెళ్లు పారితే ఇప్పుడు 5 లక్షల లోపే. చమురు తగ్గితే గొట్టంలో నెమ్మదిగా కదులుతుంది, చలికి చల్లారి మైనం పేరుకుంటుంది. కొత్త చమురు రాకపోతే పైప్‌లైనే మూతపడుతుందన్న టెన్షన్ రాష్ట్ర నాయకులకు ఊరికే రాలేదు.

2017లో చట్టం చేసేటప్పుడు, రెండు వేలాల వల్ల పదేళ్లలో కేంద్ర ఖజానా వాటాగా సుమారు 110 కోట్ల డాలర్లు వస్తాయని పార్లమెంటు బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. మొదటి వేలంలో కేంద్రానికి మిగిలింది 72 లక్షలు. 2025 జనవరిలో రెండో వేలానికి ఒక్కరంటే ఒక్కరు రాలేదు.

కారణాలు కొన్ని వెతక్కుండానే కనిపిస్తాయి. షేల్ అనే రాతిపొరల నుంచి తీసే చమురు వల్ల అమెరికా 2018 నుంచి ప్రపంచంలో అతి పెద్ద ముడి చమురు ఉత్పత్తిదారు. టెక్సాస్‌లో బావి తవ్వితే నెలల్లో చమురు వస్తుంది. ఇక్కడ లీజు నుంచి మొదటి చుక్క వరకు పదేళ్లు పడుతుందని అంచనా. అలాస్కాలోనే పశ్చిమాన ఉన్న పెట్రోలియం రిజర్వులో 2023లో కోనోకో ఫిలిప్స్ విల్లో ప్రాజెక్టుకు అనుమతి తెచ్చుకుంది. అక్కడ రోడ్లు, గొట్టాలు దగ్గర్లోనే ఉన్నాయి. 2019 చివరి నుంచి ఏడాది తిరిగేలోపు గోల్డ్‌మన్ శాక్స్ మొదలుకొని బ్యాంక్ ఆఫ్ అమెరికా దాకా పెద్ద అమెరికా బ్యాంకులు ఆరూ ఆర్కిటిక్ తవ్వకానికి నేరుగా అప్పివ్వమని ప్రకటించాయి. ఇందులో గ్విచిన్ల పట్టుదల పాత్ర చాలా ఉంది. పార్లమెంటులో ఓడిపోయాక వాళ్లు బ్యాంకుల వాటాదార్ల సమావేశాలకు వెళ్లి మాట్లాడారు. ఇక అన్నిటికన్నా పెద్ద భయం, నేడు వచ్చిన లీజు రేపు ఉంటుందో లేదో తెలియకపోవడం. 2021 జూన్‌లో బైడెన్ ప్రభుత్వం లీజులను నిలిపేసింది. 2023 సెప్టెంబరులో రాష్ట్ర సంస్థ చేతిలో మిగిలిన ఏడింటినీ రద్దు చేసింది. 2025 మార్చిలో ఫెడరల్ కోర్టు ఆ రద్దు చెల్లదంది. ఏ కంపెనీ బోర్డు అయినా ఈ వరస చూసి వందల కోట్లు పెట్టడానికి జంకుతుంది.

మార్కెట్ వద్దంది కాబట్టి నేల భద్రమే అని కొందరు ఊపిరి పీల్చుకున్నారు. అది సరైన లెక్క కాదు. చమురు ధర ఒక్కసారి ఎగబాకితే మార్కెట్ మనసు మారుతుంది. ఈక్వడార్ అనుభవం ఇక్కడ గుర్తుకొస్తుంది. యాసుని నేషనల్ పార్కు కింద ఉన్న చమురును తీయకుండా వదిలేస్తాం, మా నష్టంలో సగంగా 360 కోట్ల డాలర్లు ప్రపంచం ఇవ్వాలని 2007లో ఆ దేశం ప్రతిపాదించింది. నిజంగా చేతికొచ్చింది కోటీ 30 లక్షలు. 2013లో ప్రతిపాదన వదిలేసి, 2016లో తవ్వకం మొదలుపెట్టారు. 2023 ఆగస్టులో ప్రజలే ఓటు వేసి, దాదాపు 59 శాతం మంది, చమురును నేలలోనే ఉంచమన్నారు. అప్పటికి బావులు నడుస్తున్నాయి, గొట్టాలు పడ్డాయి. వాటిని ఆపి పీకేయడం ఓటు వేసినంత సులభంగా జరగడం లేదు. తవ్వకముందు వద్దనడానికీ తవ్వాక వద్దనడానికీ ఉన్న తేడా అక్కడ కళ్లకు కడుతోంది.

కొత్త టెక్నాలజీతో దూరం నుంచి ఏటవాలుగా తవ్వొచ్చు, పైన గడ్డిపరక కూడా కదలదు అనే మాట మన దేశంలోనూ వినిపించింది. అస్సాంలో డిబ్రూ-సైఖోవా నేషనల్ పార్కు బయట నుంచి పార్కు అడుగుకు బావులు తవ్వడానికి ఆయిల్ ఇండియాకు 2020 మే నెలలో పర్యావరణ అనుమతి వచ్చింది. అదే నెల 27న, పార్కుకు దగ్గర్లోని బాఘ్‌జాన్ బావిలో బ్లోఅవుట్ అయింది, అంటే లోపలి ఒత్తిడికి గ్యాస్ అదుపు తప్పి పైకి ఎగజిమ్మింది. జూన్ 9న మంటలు అంటుకున్నాయి, ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు, బావిని పూర్తిగా అదుపు చేసేసరికి నవంబరు వచ్చింది. పక్కనున్న మాగురి-మోటాపుంగ్ చిత్తడి నేల తీవ్రంగా దెబ్బతింది. బ్లోఅవుట్ అంటే ఏమిటో కోనసీమ వాళ్లకు వేరే చెప్పనవసరం లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. అక్కడికి రోడ్డు ఉంది, కాలువల్లో నీళ్లున్నాయి, అయినా అన్ని రోజులు పట్టింది. రోడ్డే లేని, నీళ్లు రాయిలా గడ్డకట్టే చోట అలాంటిది జరిగితే ఎన్నాళ్లు పడుతుందో ఊహించుకోవడమే కష్టం.

ఇప్పుడు తాళంచెవి మళ్లీ చేతులు మారింది. 2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టం పదేళ్లలో ఈ మైదానంలో నాలుగు వేలాలు తప్పనిసరి చేసింది. ఒక్కోదానిలో కనీసం 4 లక్షల ఎకరాలు పెట్టాలి. అక్టోబరులో మైదానం మొత్తాన్ని, 15 లక్షల 60 వేల ఎకరాలనూ, లీజుకు తెరుస్తున్నట్టు ప్రకటించారు. ఆర్కిటిక్ మిగతా భూమికన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోందని 2022లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మంచు రోడ్లు నిలిచే రోజులు ఏటా తగ్గుతున్నాయి. చమురు మండించగా వచ్చిన వేడి, చమురు తీసే దారినే కరిగిస్తోంది.

తేలాల్సింది ఇంత చిన్న ప్రశ్నే: 1980లో వదిలేసిన ఆ 15 లక్షల ఎకరాలకు పక్కనున్న 80 లక్షల ఎకరాల హోదా ఇవ్వాలా వద్దా. ఇస్తే కాక్టోవిక్‌కు చమురు పన్ను స్థానంలో ఏం వస్తుందో అదే చట్టంలో రాయాలి. ఊరి జనం మూడుసార్లు ఇళ్లు సర్దుకున్నారు, నాలుగోసారి ఉత్త చేతులతో పంపకూడదు. విల్డర్‌నెస్ హోదా ఇవ్వాలనే బిల్లులు పార్లమెంటులో ఎన్నోసార్లు పెట్టారు, ఏదీ చట్టం కాలేదు. ఆర్కిటిక్ విలేజ్ సభ జరిగిన ఏడాది పుట్టిన బిడ్డకు ఇప్పుడు నలభై ఏళ్లు దగ్గరపడుతున్నాయి. ఆ బిడ్డ పుట్టిన దగ్గర నుంచి ఇప్పటిదాకా, మంచు దారిచ్చిన ప్రతి జూన్‌లోనూ మంద ఆ మైదానానికి వస్తూనే ఉంది, ఆ నేల ఎవరిదో తేలకుండానే ఈని వెళ్లిపోతోంది.